విమానం ఆగినంత సేపు

రాత్రి పదకొండు ముప్పై అయిదుకు శంషాబాద్‌ల లేస్తది,
ఒకటి ముప్పై అయిదుకు మస్కట్‌ల దిగుతది.
గడియారాన్ని అడిగితే రెండు గంటలే అంటది.
గడియారానికేం, గోడకుంటది.
సీట్లల్ల ముడుచుకొని కూసున్న మోకాళ్లనడగాలె,
మూడున్నర.

నడుమ మాయమైన గంటన్నరను
వచ్చినోళ్లందరికి ఊరికే ఇస్తరిక్కడ,
పోయేటప్పుడు మళ్ల గుంజుకుంటరు.
నేను తీసుకొని మూడేండ్ల నాలుగు నెలలైంది.
ఇంక నా దగ్గర్నే ఉన్నది.

రెండు వేల రెండు వందల కిలోమీటర్లంట.
సీటు ముందటి తెర మీద చిన్న విమానం బొమ్మ
సముద్రం దాటి ఆగిపోయుంటది, నేనెక్కేసరికి.
మా మెట్‌పల్లి నుంచి శంషాబాద్‌కే
బస్సుల ఆరు గంటలు.
మొగులు మీద పోవుడు సుళువు,
మట్టి మీదనే దూరం.

ఆరుగురం ఎక్కుతం. ముప్పై నిమిషాలు.
షఫీక్‌కు లెట్రిన్లు, బిజుకు ముందటి వరుసలు,
పదహారు నుంచి ముప్పై దాంక నాయి.
సీటు జేబుల చెయ్యి పెడితే చాలు,
నూనె ఇంకిన కాయితంల సగం సర్వపిండి,
పాలసీస అడుగున గోరువెచ్చని గుక్కెడు.
ఎవలామె తలల్నుంచి జారిందో మల్లెదండ,
తాజగనే ఉంటది, అంచులు జర కమిలి.
పువ్వు లెక్కల మూడున్నర గంటలంటే అంతే.

అన్ని నల్ల సంచిలనే వెయ్యాలె.
పేపర్ల జిల్లా పేజీ ఒక్కటి
మడిచి అంగి లోపటికి తోస్త.
పసుపు ధర ఎంతున్నదో, ఎవలి బర్రె తప్పిపోయిందో
రాత్రి క్యాంపుల సదువుకోవాలె.
సూపర్‌వైజర్ సుహైల్ మణికట్టు సూపెడతడు,
యల్లా, యల్లా.

మా గంగామణి నిమిషాలు లెక్కపెట్టదు.
ఆమెకు మూడున్నర గంటలంటే
మూడు వందల బీడీలు, పన్నెండు కట్టలు.
"నువ్వు లేచినంక చాట ముందట కూసున్న.
పదమూడో కట్టకు దారం సుడ్తుంటే
నీ ఫోనొచ్చింది" అన్నది తొలిసారి.
అప్పటి సంది మస్కట్ ఎంత దూరమని అడిగితే
పన్నెండు కట్టల దూరమంటదట వాడకట్టోళ్లతోని.

మొన్న ఇరవై మూడో వరుసల
కిటికీ సీటు కింద ఒక కట్ట దొరికింది.
లేబులు సగం చిరిగున్నది.
మా ఆమెది ఎడమ చెయ్యి వాటం,
ఆకు ఉల్టా సుడ్తది.
కట్టను సదువుకునే లైటు కింద పెట్టి
ఒక్కొక్కటి తిప్పి చూసిన.
ఒకటి ఉల్టా ఉన్నట్టే ఉన్నది.
మెట్‌పల్లి, కోరుట్ల, రాయికల్ కలిపి
ఎడమ చేతోళ్లు ఎందరుంటరు?
వంద మంది? ఎక్కువనే.
ముక్కు కాడ పెట్టుకున్న.
తునికాకు వాసన, పొగాకు వాసన, భట్టీ వాసన.
ఆమె వాసన రాలే.
వస్తదనుకున్నందుకు నాకే నవ్వొచ్చింది.
నేను తాగుడు మాని పదేండ్లాయె.
సంచిల ఏసిన, తీసిన,
సుహైల్ అటు తిరిగిండు, మళ్ల ఏసిన.

దిగేముందు మెడ మీద చురుక్కుమన్నది.
దోమ.
ఈ ఎండకు మా క్యాంపుల దోమ బతకది.
ఇది అక్కడ్దే.
టికెట్ లేదు, వీసా లేదు,
తలుపు మూసేముందు ఎక్కుంటది.
మందు డబ్బా నా నడుముకే ఉన్నది,
కొట్టుడు నా డ్యూటీ.
కొట్టలే.
కడుపు నిండ తాగి, ఎర్రగై,
పైన సామాన్ల డబ్బా సందుల కూసున్నది.

రెండు ముప్పై అయిదుకు లేస్తది విమానం,
పొద్దుగాల ఏడు ముప్పై అయిదుకు దిగుతది.
నా నెత్తురు చుక్క ఒకటి
సెలవు చిట్టీ అడగకుండ
గంటన్నర అప్పు తీర్చి
శంషాబాద్‌ల దిగుతది.

అక్కడ్నుంచి మెట్‌పల్లి బస్సు
ఏడ ఆగుతదో
దానికి తెల్వది.